టిఫిన్ క్యారియర్ మూతలో నీళ్ళు

కూర్చో. ఆ ఫ్యాను రవ్వ తగ్గించు, నా మాట నాకే వినపడ్డంలేదు. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. బళ్ళో తెలుగు చెయ్యబాకు.

మొన్న పెళ్ళిలో మా పెద్దమ్మ కూతురు, ఆ కట్టుడు పళ్ళ అక్క, నీ చెవిలో ఊదింది గదా, మీ అవ్వ రెండుసార్లు బాప్తిస్మం తీసుకునింది అని. ఆ రోజు కాణ్ణించి నన్ను ఇడిసిపెట్టలేదు నువ్వు. నిజమా అవ్వా, నిజమా అవ్వా. వచ్చే నెల కన్ఫర్మేషన్ పెట్టుకొని ఆ వాక్యాలు కంఠతా పట్టేది మానేసి నా ఎనక తిరగతా ఉండావు. సరే, చెప్తా. అడ్డం రాబాకు.

అప్పుడు మేం బిట్రగుంట రైల్వే కాలనీలో ఉండేవాళ్ళం. అరవయ్యో, అరవై ఒకటో. నాకు పద్నాలుగేళ్ళు. మా నాయన రైలింజను మీద బొగ్గు ఏసే ఫైర్‌మన్. డ్యూటీ దిగి వస్తే కళ్ళూ పళ్ళూ తప్ప మనిషి కనపడేవాడు కాదు. వాళ్ళ నాయన కాలం నుంచి మెథడిస్టులు. రైలు ఉద్యోగంతో పాటు సంఘం కూడా ఆయనతో ట్రాన్స్‌ఫరై వచ్చినట్టు ఉండేది. మా జిల్లాలో క్రైస్తవులంటే ఎటు చూసినా బాప్టిస్టులే గదా. మాది మొత్తం ఎనిమిది ఇళ్ళు. గుడి కూడా లేదు. ఆదివారం రైల్వే బడిలో ఒక గదిలో బెంచీలు తిప్పేసుకుంటే అదే మా గుడి. బోర్డు మీద శనివారం లెక్కలు అట్టే ఉండేవి. ప్రసంగం సాగితే నేను మనసులో ఆ లెక్కలు చేసుకుంటా కూర్చునేదాన్ని.

అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, నెలకి రెండు ఆదివారాలు ప్యాసింజర్‌లో వచ్చేవాళ్ళు. మిగతా ఆదివారాలు వాక్యం చదివేది మా నాయనే. సంఘం రిజిస్టరు కూడా మా ఇంట్లోనే, ట్రంకు పెట్టెలో, మా అమ్మ పెళ్ళిచీర కింద. ఆ రిజిస్టరు ముందు భాగంలో పసిబిడ్డలుగా బాప్తిస్మం అయినవాళ్ళ పేర్లు. ఎనక భాగంలో పూర్తి సభ్యుల పేర్లు. ఆ ముందు నుంచి ఈ ఎనక్కి రావాలంటే కన్ఫర్మేషనే దారి.

నీకు తెలిసిందే, అయినా రాయి, చదివేవాళ్ళకి తెలియొద్దా? మా పద్ధతిలో పసిబిడ్డప్పుడే నెత్తిన నీళ్ళు పోసి బాప్తిస్మం ఇచ్చేస్తారు. బిడ్డకి నోరు లేదు గదా, అమ్మా నాయనా బిడ్డ తరఫున అవునంటారు. పద్నాలుగు, పదిహేనేళ్ళు వచ్చినాక ఆ బిడ్డే లేచి నిలబడి, మా వాళ్ళు అప్పుడన్న అవును ఇప్పుడు నాది అని చెప్పాల. అయ్యగారు నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. సంఘం వాళ్ళంతా నిన్ను చేర్చుకుంటా ఉండాం అంటారు. ప్రార్థన, హాజరు, కానుక, సేవ, ఈ నాలుగూ ఇస్తానని మాటివ్వాల. ఆ రోజు నుంచి ప్రభువు బల్లకాడికి పోయి రొట్టె, ద్రాక్షరసం తీసుకోవచ్చు.

నాకు ఆ బల్ల మీదే ధ్యాస. పెద్దోళ్ళంతా మోకాళ్ళ మీద వరసగా ఉంటే నేను బెంచీ మీద తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకొని వాడి ముక్కు తుడస్తా ఉండేదాన్ని. ఆ ఏడాది మేం ముగ్గురం కన్ఫర్మేషన్ క్లాసులో చేరినాం. గార్డుగారి కూతురు, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ కొడుకు, నేను. అయ్యగారు వచ్చిన ప్రతి శనివారం సాయంత్రం ప్రశ్నలూ జవాబులూ నేర్పించేవాళ్ళు. నాకు గడగడా వచ్చేసినాయి. ఆ గడగడే నా కొంప ముంచింది.

మా అమ్మది కావలికి తూర్పున సముద్రం ఒడ్డు పల్లె. ఆ పల్లెలో మా వాళ్ళంతా బాప్టిస్టులు. ఆడ నీళ్ళలో పూర్తిగా మునిగితేనే బాప్తిస్మం. అదీ తెలివొచ్చినాక, తనంతట తాను అడిగితేనే. మా అమ్మ కూడా పెళ్ళికి ముందు అట్ట మునిగినదే. మా అమ్మమ్మ ఉప్పు కొటార్లలో పని చేసేది. ఆయమ్మ నోట్లో ఉప్పూ కారం రెండూ ఎక్కువే. మా నాయన కనపడితే మొదలు పెట్టేది.

"ఏం అల్లుడా, బిడ్డకి ఇంకా బాప్తిస్మం ఇప్పించలేదా?"

"పుట్టిన పంతొమ్మిదో రోజే అయింది గదత్తా."

"అదీ ఒక బాప్తిస్మమేనా? ఆకుకూర వాడకుండా నీళ్ళు చల్లినట్టు!"

"మీ లెక్కన సముద్రంలో చేపలన్నీ పరలోకానికే పోవాలత్తా."

ఇద్దరూ నవ్వతానే అనుకునేవాళ్ళు. లోపల మాత్రం గుచ్చుకునేది. ఎందుకంటే ఆ పల్లె గుడిలో మునిగినవాళ్ళకే ప్రభువు బల్ల. మా నాయన అత్తగారింటికి పోయినప్పుడు పులుసులో పెద్ద చేప ముక్క ఆయనకే ఏసేవాళ్ళు. గుడిలో మాత్రం రొట్టె పళ్ళెం ఆయన ముందర నుంచి పక్కకి జరిగిపోయేది. ఆయన తల దించుకొని పాటల పుస్తకంలో పేజీలు తిప్పతా ఉండేవాడు. నేను చూసేదాన్ని.

అదే మా సంఘంలో అయితే మా అమ్మని మళ్ళీ నీళ్ళు పోసుకోమని ఎవురూ అనలేదు. పెళ్ళయి వచ్చిన మొదటి నెలలోనే పల్లె గుడి నుంచి తెచ్చిన బాప్తిస్మం కాయితం చూసి పూర్తి సభ్యురాలిగా రాసుకున్నారు. మా వాళ్ళు వాళ్ళ నీళ్ళని ఒప్పుకుంటారు. వాళ్ళు మా నీళ్ళని ఒప్పుకోరు. అదీ తిరకాసు.

ఆ ఎండాకాలం సెలవల్లో నన్ను అమ్మమ్మకాడికి పంపించినారు. వచ్చిన ఎంటనే కన్ఫర్మేషన్ ఉంది, చదువుకోమని పుస్తకం కూడా సంచీలో పెట్టినాడు మా నాయన. ఆడికి పోతే, ఆ ఆదివారమే అక్కకి బాప్తిస్మమంట. అదే, నీ చెవిలో ఊదిందే, ఆ అక్కే. ఇల్లంతా హడావిడి. మా అమ్మమ్మ దండెం మీద తెల్లచీరలు ఆరేసింది. చూస్తే రెండున్నాయి.

"రెండోది ఎవురికి అమ్మమ్మా?"

"చూద్దాంలే. ఎవురికి కుదిరితే వాళ్ళకి."

అక్క పకపకా నవ్వింది. "వాళ్ళకి నీళ్ళంటే భయం అమ్మమ్మా. రైలింజన్లకి పోసేసరికే అయిపోతాయంట. మనుషులకి తలా నాలుగు చుక్కలే."

"భయమేంమే నాకు? నీకే భయం. ముంతడు నీళ్ళు మొహాన పోస్తే అరిచేదానివి."

"అయితే దిగు నాతో."

"దిగతా."

అట్టయింది. దేవుడి కోసం కాదా అని అడగబాకు. కొంత దేవుడి కోసమే, కొంత అక్క నోరు మూయించేదానికి, ఇంకొంత ఆ తెల్లచీర కోసం. పద్నాలుగేళ్ళప్పుడు ఇవన్నీ వేరువేరుగా ఉండవు.

శనివారం సంఘ పెద్దలు మమ్మల్ని కూర్చోబెట్టి పరీక్ష చేసినారు. పాపమంటే ఏంది, రక్షణంటే ఏంది, నువ్వెందుకు నమ్మతా ఉండావు? అక్క నీళ్ళు నమిలింది. నేను మాత్రం మా అయ్యగారు నేర్పించిన జవాబులన్నీ వరసగా అప్పజెప్పేసినా. ఆ పెద్దల్లో ఒకాయన కళ్ళు తుడుచుకొని, "చూసినారా, రైలు కాలనీలో పెరిగినా బిడ్డకి దేవుడు ఎంత తెలివిచ్చినాడో" అన్నాడు. మెథడిస్టు పాఠం చెప్పి బాప్టిస్టు పరీక్షలో పాసైనదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటా. మా అమ్మమ్మ మొహం వెలిగిపోయింది.

ఆదివారం పొద్దున్నే ఉప్పు కాలవకాడికి పోయినాం. సముద్రానికి పోటు ఎక్కితే ఆ కాలవలో కూడా నీళ్ళు నిండుగా ఉంటాయి. నడుము లోతుకి దిగినా. పల్లె పాస్టరుగారు నమ్మతా ఉండావా తల్లీ అన్నారు. నమ్మతా ఉండానన్నా. ఒక చెయ్యి ఈపు కింద, ఒక చెయ్యి మొహం మీద పెట్టి ఎనక్కి ముంచినారు. చెవుల్లో నీళ్ళు, కళ్ళల్లో ఉప్పు మంట. పైకి లేస్తానే ఒడ్డున ఆడోళ్ళంతా పాట ఎత్తుకున్నారు. అబద్ధం చెప్పను, నాకు బో సంతోషమయింది. ఇప్పుడు తలుచుకున్నా అయితది.

అక్కడి నుంచి తడి జుట్టుతోనే గుడికి పోయినాం. ఆ రోజు ప్రభువు బల్ల. పళ్ళెం వరసలో వస్తా వస్తా నా ముందర ఆగింది. మొదటిసారి. రొట్టె తీసుకొని నోట్లో పెట్టుకున్నా. అప్పుడు గుర్తొచ్చినాడు మా నాయన, తల దించుకొని పేజీలు తిప్పతా.

"మీ నాయనకి నేను మెల్లిగా చెప్తాలే, నువ్వు నోరు తెరవబాకు" అనింది అమ్మమ్మ. రెండు వారాల తర్వాత నన్ను రైలెక్కించింది.

ఇంక నా మొదటి బాప్తిస్మం సంగతి, ఆ మూత సంగతి చెప్పాల. నేను ఏడో నెలలోనే పుట్టినా. పిల్లి పిల్లంత ఉండేదాన్నంట. పంతొమ్మిదో రోజు ఊపిరి ఎగబీల్చతా ఉంటే రైల్వే డాక్టరు పెదవి విరిచినాడు. మా నాయన అయ్యగారికి కబురు పెట్టినాడు. ఆ రోజుల్లో ఉన్న అయ్యగారు వేరే, మా వాళ్ళల్లో అయ్యగార్లకి కూడా ట్రాన్స్‌ఫర్లే. ప్యాసింజరు లేకపోతే ఆయన గూడ్సు బండిలో గార్డు పెట్టె ఎక్కి వచ్చినారంట. వచ్చేసరికి అమ్మకి లేవనే ఓపిక లేదు, మా నాయనకి కంగారులో చెంబు కనపళ్ళేదు. డ్యూటీ సంచీలో టిఫిన్ క్యారియర్ ఉంటే దాని మూత కడిగి, కాచిన నీళ్ళు చల్లార్చి అందులో పోసిచ్చినాడు. ఆ మూతలో వేళ్ళు ముంచి నాకు బాప్తిస్మం ఇచ్చినారు. నేను బతికినా. మా నాయన అదే క్యారియర్ రోజూ డ్యూటీకి తీసుకపొయ్యేవాడు. గిన్నెలు సొట్టలు పడి మార్చినాడు గానీ ఆ మూత మార్చలేదు.

ఇంటికొచ్చిన శనివారం క్లాసులో మా అయ్యగారు చెప్పిన పాఠం ఏందనుకున్నావు? "బాప్తిస్మం మనం మళ్ళీ ఇయ్యం. బాప్తిస్మంలో ముందు చెయ్యి చాపేది దేవుడు, మనిషి కాదు. మళ్ళీ ఇస్తే, మొదటిసారి దేవుడు చెయ్యి చాపలేదని చెప్పినట్టు." అంటే నేను ఆ కాలవలో నిలబడి మా నాయన మూతలో నీళ్ళు ఉత్త నీళ్ళని చెప్పి వచ్చినానా?

నాలుగు రోజులు తిండి సయించలేదు. ఐదో రోజు మధ్యాహ్నం మా నాయనకి ఆ క్యారియర్లోనే అన్నం తీసుకొని లోకో షెడ్డుకి పోయినా. రేకు నీడన కూర్చొని ముద్ద కలపతా ఉండాడు. చెప్పేసినా.

"నాయనా, నేను ఉప్పు కాలవలో మునిగినా."

"ఈత నేర్చుకున్నావా?"

"ఈత కాదు. అక్కతో పాటు. తెల్లచీర కట్టుకొని."

ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "మీ అమ్మమ్మ దించిందా?" అన్నాడు.

"అడిగింది అమ్మమ్మే. దిగింది నేనే."

అన్నం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. మూత తీసుకొని కొళాయి కింద కడిగి, తుండుగుడ్డతో తుడిచి, ఎండలో ఇట్ట తిప్పి చూసినాడు. "అంటే అప్పుడు ఇందులో ఉన్నింది ఉత్త నీళ్ళేనన్నమాట" అన్నాడు. కొట్టినా బాగుండేది.

ఇంట్లో మా అమ్మ నన్ను తిట్టింది, వాళ్ళమ్మని తిట్టింది, ఆఖరికి తననే తిట్టుకునింది, పంపించినందుకు. "నేనూ మునిగినదాన్నే గదే. ఆయన ఒక్కరోజు కూడా నీ నీళ్ళు చెల్లవనలేదు నాతో" అని ఏడ్చింది. మా నాయన నాతో మాట్లాడ్డం మానేసినాడు. కన్ఫర్మేషన్‌కి పేర్లు రాసే కాయితంలో ఇద్దరి పేర్లు రాసి, నా పేరుకాడ చోటొదిలినాడు.

ఆ వారం కాక పై శనివారం అయ్యగారు వచ్చినారు. మా నాయన నా ఎదురుగానే, "దీనికి మీతో చెప్పాల్సింది ఉంది. నేను చెప్పను, దాని నోటితోనే చెప్పాల" అన్నాడు. చెప్పినా. అయ్యగారు కోప్పడతారనుకున్నా. ఆయన కళ్ళద్దాలు తీసి పంచెతో తుడుచుకుంటా, "కాలవలో నమ్మతా ఉండానన్నావే, అది నిజమా అబద్ధమా?" అని అడిగినారు.

"నిజమే అయ్యగారూ."

"మీ నాయన మూతలో నీళ్ళు?"

"అవీ నిజమే."

"రెండూ నిజమెట్టయితాయో ఆలోచించుకో. రేపు ఆరాధన అయినాక పూర్తి సభ్యులందరూ కూర్చుంటారు. నిన్ను చేర్చుకునేది నేనొక్కణ్ణి కాదు, ఆ ఎనిమిది ఇళ్ళవాళ్ళు. వాళ్ళకి చెప్పాల."

మరుసటి రోజు ఆరాధన అయింది. పెద్దోళ్ళు బెంచీల మీద, మేం ముగ్గురం బోర్డుకాడ. అయ్యగారు సంగతి చెప్పినారు. గార్డుగారి భార్య ఎంటనే అందుకునింది. "ఈరోజు అమ్మమ్మ పిలిస్తే మునిగింది. రేపు ఇంకెవురో పిలిస్తే మూడోసారి మునుగుద్ది. హాజరిస్తానని మాటిచ్చే బిడ్డ యాడ హాజరిస్తదో మనకెట్ట తెలుసు?" ఆయమ్మని తప్పనుకోబాకు. ఎనిమిదిళ్ళ సంఘంలో ఒక మనిషి పోతే ఒక బెంచీ ఖాళీ. ఆయమ్మ భయం అది.

అందరూ మా నాయన వైపు చూసినారు. ఆయన రిజిస్టరు చంకలో పెట్టుకొని లేచినాడు. పది రోజుల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అదే.

"పూర్తి సభ్యుల్లో పేరు రాయాలంటే బాప్తిస్మం యాడయిందో రాయాల. ఏం రాయమంటావు?"

"మన క్వార్టర్స్‌లో నాయనా. పంతొమ్మిదో రోజు. క్యారియర్ మూతలో నీళ్ళతో."

"మరి కాలవలో అయింది ఏంది?"

రాత్రంతా ఆలోచించినా తట్టని మాట అప్పుడు నోట్లోకి వచ్చింది. "నేను పుట్టినప్పుడు నువ్వూ అమ్మా నా తరఫున అవునన్నారు గదా. ఆ అవునే నేను కాలవలో అనేసినా. ఈడ మీ అందరి ముందరా అనాల్సింది, ముందుగా ఆడ అనేసి వచ్చినా. అదీ నేను చేసిన తప్పు. ఇప్పుడు ఈడ అంటా."

అయ్యగారు ఎవరెవరు చేర్చుకుంటారో చేతులెత్తమన్నారు. పాయింట్స్‌మన్ ఎత్తినాడు, మా అమ్మ ఎత్తింది, ఒక్కొక్కరే ఎత్తినారు. గార్డుగారి భార్య నన్ను కిందికీ మీదికీ చూసి, "జలుబు చెయ్యలేదు గదా మే?" అని చెయ్యెత్తింది. అందరూ నవ్వినారు. ఆఖర్న మా నాయన చెయ్యి లేచింది, గోళ్ళల్లో బొగ్గు నలుపుతో.

కన్ఫర్మేషన్ రోజు మా అమ్మమ్మ ఎండుచేపల బుట్టతో దిగింది. ఇంటికొస్తానే, మా నాయనకి అంతా తెలిసిపోయిందని చూసి, "నేనే చెప్దామనుకున్నా అల్లుడా" అనింది. "ఆలస్యమైందత్తా" అన్నాడు మా నాయన. ఇంకేం గొడవ పడలేదు. ఆయమ్మ గుడిలో చిట్టచివరి బెంచీ మీద చేతులు కట్టుకొని కూర్చునింది. అయ్యగారు నా నెత్తిన చెయ్యి పెట్టినారు. నేను అవునన్నా. కాలవలో అన్నంత గట్టిగా అనలేకపోయినా, ఏడుపొచ్చి.

తర్వాత ప్రభువు బల్ల. ప్రభువుని ప్రేమించేవాళ్ళు ఏ సంఘం వాళ్ళయినా రావచ్చని అయ్యగారు పిలిచినారు. అందరూ పోయి మోకాళ్ళూనినారు. మా నాయన మాత్రం ఎనక్కి నడిచి చివరి బెంచీకాడ నిలబడినాడు.

"రా అత్తా."

"నాకెందుకు అల్లుడా. మీ పేర్లలో నేను లేను గదా."

"ఈడ పళ్ళెం ఎవురి ముందర నుంచీ పక్కకి పోదు. రా."

మా అమ్మమ్మ ఆయన మొహంలోకి చూడలేకపోయింది. మోకాళ్ళు నొప్పులని సణగతానే లేచి వచ్చింది. నాకు ఒక పక్కన మా నాయన, ఒక పక్కన ఆయమ్మ. ఆయమ్మ చేతులు చాపితే ఉప్పుకి పగిలిన గీతలన్నీ కనపడినాయి.

ఇంటికి పోయినాక మా నాయన రిజిస్టరు తీసి, ఎనక భాగంలో నా పేరు రాసినాడు. బాప్తిస్మం తేదీ దగ్గర నా పంతొమ్మిదో రోజు రాసినాడు. మా అమ్మమ్మకి చదువు రాదు, అయినా మీద పడి చూస్తా, "కాలవది యాడ రాసినావు అల్లుడా?" అనింది.

"అది మీ పుస్తకంలో ఉందిగదత్తా. ఆడే ఉండనీ."

ఆ తర్వాత అంతా బాగైపోయిందని రాయబాకు. పల్లె గుడిలో పళ్ళెం మా నాయన ముందర ఎప్పుడూ ఆగలేదు, ఆయన పోయేదాకా. అది మా అమ్మమ్మ చేతిలో ఉండే పని కాదు. కానీ ఆ పళ్ళెం ఆయన్ని దాటి తనకాడికి వస్తే, ఆ రోజు నుంచి ఆయమ్మ కూడా తీసుకునేది కాదు. ఆయన పక్కన కూర్చొని, చదువు రాకపోయినా ఆయన పాటల పుస్తకంలోకి చూస్తా ఉండేది. అల్లుడు ఊళ్ళో లేనప్పుడు మాత్రం తీసుకునేది.

మూత అడుగుతా ఉండావా? అదుగో, ఆ పై అరలో. దించు. బియ్యం పోసి పెట్టుకున్నాలే, సంఘానికిచ్చే కానుక బియ్యం, ఒక పక్కకి ఒంచు. వచ్చే నెల నువ్వు నిలబడినప్పుడు నీ తల తడిమి చూసుకో, నీకూ ఇందులో నీళ్ళే పోసినారు. ఆ కట్టుడు పళ్ళ అక్క మళ్ళీ నీ చెవిలో ఊదితే, మా అవ్వకి బాప్తిస్మం ఒకసారే అయింది, అవునని మాత్రం రెండుసార్లు అనింది అని చెప్పు. రాసినావా? ఏదీ, చదువు.